బండి ముచ్చట్లు: బరువు మోసేది గాలే

ఈసారి మన ముచ్చట టైర్ల గురించి. "ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో టైర్ల గొడవేమిటి?" అని ఇల్లాళ్ళు విసుక్కోవద్దు. మా వైపు సరుకుల బండి ఒక ఇంటిది కాదు, ఊరందరిదీ. దాని టైరు బాగోగులు అందరూ తెలుసుకోదగ్గవే.

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి ఎదుటి ఒడ్డున ఉంది మా సిరోంచ. రాష్ట్రం మహారాష్ట్ర, ఇంట్లో మాట తెలుగు, ఆఫీసు కాగితం మరాఠీ. 1982లో చంద్రపూర్ జిల్లాను విడదీసి గడ్చిరోలి జిల్లా చేసినా జిల్లా కేంద్రం మాకు దగ్గర కాలేదు. ఇప్పటికీ అది రెండువందల కిలోమీటర్ల పైమాటే. ఆలపల్లి దాకా వంద కిలోమీటర్లు అడవి దారి. ఆ దారి ఏళ్ళ తరబడి గుంతలకు పేరుమోసింది. ఇటు వంతెన దాటి కాళేశ్వరం, భూపాలపల్లి మీదుగా వెళితే వరంగల్. మిర్చి అమ్మాలన్నా, పెద్ద డాక్టరుకు చూపించుకోవాలన్నా చాలామందికి వరంగలే దిక్కు. పగలు మిర్చి బస్తాలు మోసిన పికప్ బండే రాత్రివేళ నొప్పులు పడుతున్న ఆడకూతురిని ఆస్పత్రికి చేర్చిన సందర్భాలు మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

మా మేనల్లుడికి అలాంటి పికప్ ఒకటి ఉంది. అప్పు చేసి కొన్నదే, ఇంకా వాయిదాలు కడుతున్నాడు. మిర్చి కాలంలో బస్తాలు తోలుతాడు. తక్కిన రోజుల్లో ఇళ్ళ పనులకు సిమెంటు వేసుకుని, వెనక కాంక్రీటు కలిపే మిల్లరు తగిలించుకుని పల్లెలకు లాక్కెళతాడు. మొన్న వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"మామా, ఎనుక టైర్లు రెండు గుండైనయ్. దుకాణపాయన ఒక జత చూపెట్టిండు. మన సైజే, రేటు తక్కువ. ఏస్కోమంటవా?"

"సైజు సరే బిడ్డా. ఎంత బరువు మోస్తదో చూసినవా?"

"బరువు గూడ టైరు మీద రాస్తరా?"

రాస్తారు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినవాణ్ణి కనుక, టైరు మీది అంకెలను లెక్కల పాఠంలాగే చెప్పాను. మీరూ వినండి.

టైరు పక్కన 215/75 ఆర్ 15 అని ఉందనుకోండి. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే టైరు పక్క ఎత్తు ఆ వెడల్పులో నూటికి డెబ్భై అయిదు వంతులని. ఆర్ అంటే రేడియల్. 15 అంటే డిస్కు వ్యాసం అంగుళాల్లో. ఇంతవరకు దుకాణదారు చెబుతాడు. ఆ వెనకే చిన్నగా ఇంకో అంకె, ఒక అక్షరం ఉంటాయి. కొనేవాడు చూడవలసింది దాన్ని. అక్షరం వేగానికి గుర్తు. అంకె బరువుకు గుర్తు. అంకె 100 అయితే ఆ టైరు 800 కిలోలు మోస్తుంది. 108 అయితే 1,000. 112 అయితే 1,120. 115 అయితే 1,215. 118 అయితే 1,320. గీత గీసి 112/110 అని రెండంకెలుంటే మొదటిది ఒంటి చక్రానికి, రెండోది లారీల్లోలాగా పక్కపక్కన జంటగా వేసే చక్రాలకు. ఒకే సైజులో కారు తరహా టైరూ దొరుకుతుంది, సరుకుల బండి టైరూ దొరుకుతుంది. రెండూ డిస్కుకు చక్కగా ఎక్కుతాయి. చూపుకు ఒకటే, మోతకు వేరు.

మరి మన బండికి ఎంత అంకె కావాలి? బరువు తూచే కాంటా మీదికి పూర్తి లోడుతో వెళ్ళి, వెనక చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేలా నిలపండి. వచ్చిన బరువును రెండుతో భాగించండి. లెక్క కోసం వెనక ఇరుసు మీద 2,100 కిలోలు పడ్డాయనుకుందాం. ఒక్కో టైరు వంతు 1,050. అంకె 100 ఉన్న జత మోసేది 1,600 కిలోలు. అంటే 500 కిలోలు దాని శక్తికి మించిన మోత. అంకె 112 ఉన్న జత 2,240 మోస్తుంది. 140 కిలోల వెసులుబాటు మిగిలింది.

ఇప్పుడు మిల్లరు తగిలిద్దాం. దాని మొల కొక్కెం మీద 100 కిలోల బరువు మోపిందనుకోండి. వెనక ఇరుసు మీద 100 కిలోలే పెరుగుతాయనుకుంటాం. కాదు. కొక్కెం ఇరుసుకు వెనకగా ఉంది. ఇరుసు నుంచి కొక్కెం 1.2 మీటర్లు, ముందు వెనక చక్రాల మధ్య దూరం 3 మీటర్లు అయితే వెనక ఇరుసు మీద 140 కిలోలు పెరుగుతాయి. ముందు చక్రాల మీద 40 కిలోలు తగ్గుతాయి. పిల్లలు ఆడుకునే తూగుబల్ల లెక్కే ఇది. మనకు మిగిలిన వెసులుబాటు అక్కడికక్కడే హుళక్కి. పైగా ముందు చక్రాలు తేలికపడి స్టీరింగు పట్టు తగ్గుతుంది. అందుకే లాగుడు పని ఉన్న బండికి లెక్కకు సరిపోయే అంకె కన్నా ఒక మెట్టు పైది తీసుకోవాలి. ఈ లెక్కలో అయితే 115. ఆ జత 2,430 మోస్తుంది.

ఈ కిలోలన్నీ ఒక షరతు మీద. టైరులో పూర్తి గాలి ఉండాలి. అసలు సంగతి చెప్పాలంటే బరువు మోసేది గాలే. రబ్బరు, తీగలు ఆ గాలిని పట్టి ఉంచే సంచీ మాత్రమే. గాలి తక్కువైతే టైరు పక్కలు ప్రతి చుట్టులోనూ నలుగుతాయి. నలిగిన చోట వేడి పుడుతుంది. ఆ వేడికి లోపలి పొరలు విడిపోతాయి. మా వైపు మిర్చి కోతలు ముగిసేసరికి ఎండలు ముదురుతాయి, మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. పైన లోడు, కింద కాలే తారు, లోపల తక్కువ గాలి. ఈ మూడూ కలిసిన రోజున టైరు పేలుతుంది.

ఇది మా పల్లె బండ్ల కథే అనుకోకండి. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో చాలా భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసినవి, 15 అంగుళాల డిస్కు టైర్లే. పరుగులో పై పట్టా ఊడిపోయి బండ్లు పల్టీలు కొట్టాయి. ఆ దేశంలో 270 మందికి పైగా చనిపోయారు. టైరు తయారీలో లోపాలు బయటపడ్డాయి. దానికి తోడు వేడి ప్రాంతాలు, ఎక్కువ బరువు, తక్కువ గాలి కూడా కారణాలుగా చర్చకు వచ్చాయి. ఫోర్డ్ వారు ఆ బండికి 26 పౌండ్ల గాలి చాలన్నారు, టైరు కంపెనీ 30 ఉండాలంది. నాలుగు పౌండ్ల మీద అంత పెద్ద వాదం నడిచింది. మన దగ్గర పది పౌండ్లు తగ్గినా చక్రాన్ని కాలితో తన్ని "బాగానే ఉంది" అంటారు.

కాబట్టి గాలి కొలిచే చిన్న గేజీ ఒకటి బండిలో ఉండాలి. పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. ఖాళీ బండికి ఎంత, లోడు బండికి ఎంత అన్నది తలుపు దగ్గర అంటించిన చీటీలోనో, కంపెనీ పుస్తకంలోనో ఉంటుంది. వెనక టైర్లకు లోడు మీద ముందు వాటికన్నా బాగా ఎక్కువ కావాలి. మధ్యాహ్నం దారిలో చూసి "పెరిగింది" అని గాలి తీయకూడదు. వేడికి పెరిగిన ఆ గాలి చల్లబడగానే తగ్గిపోతుంది.

ఇక "నైలానా, రేడియలా?" అన్న ప్రశ్న. నైలాన్ టైరు పక్కలు మొండివి, రాళ్ళ దెబ్బకు ఓర్చుకుంటాయి, ధర తక్కువ. అయితే త్వరగా వేడెక్కుతుంది. రేడియల్ చల్లగా నడుస్తుంది, ఎక్కువ కాలం మన్నుతుంది, డీజిల్ కొంత ఆదా చేస్తుంది. నెలలో నాలుగుసార్లు వరంగల్ పోయే బండికి రేడియలే మేలు. ఊరి పొలిమేర దాటని బండికి నైలాన్ చాలు. ఒకే ఇరుసుకు ఒక పక్క నైలాన్, ఒక పక్క రేడియల్ మాత్రం ఎన్నటికీ వద్దు.

బటన్ల విషయం. రేగడి బురదలోకి దిగే బండికి వెనక లోతైన బటన్లు కావాలి. తారు రోడ్డు మీదే ఎక్కువగా తిరిగేదానికి ఆ లోతు బటన్లు మోత పెడతాయి, వేడెక్కుతాయి, త్వరగా అరుగుతాయి. మా మేనల్లుడిలా రెండు చోట్లా తిరిగేవారికి నిలువు గీతలు, అంచుల్లో బటన్లు కలిసిన రకం సరిపోతుంది. గీతల మధ్య అడుగున చిన్న దిమ్మెలుంటాయి, ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. బటన్ అరిగి ఆ దిమ్మెతో సమానమైతే టైరు పని అయిపోయినట్టు. వానాకాలం ముందు అంతదాకా కూడా ఆగకూడదు.

రీబటన్ టైర్లను చులకన చేయనక్కర లేదు. విమానాల టైర్లకు కూడా పాత కట్టు మీద కొత్త రబ్బరు వేస్తారు. కట్టు గట్టిగా ఉండి, మంచి చోట వేయించితే వెనక చక్రాలకు వాడుకోవచ్చు. ముందు చక్రాలకు వద్దు. వెనక పేలితే బండి ఊగుతుంది, సంభాళించుకోవచ్చు. ముందుది పేలితే స్టీరింగే చేజారుతుంది.

పాత సరుకు సంగతి కూడా చూడాలి. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలుంటాయి. 3625 అంటే 2025లో 36వ వారంలో తయారైందని అర్థం. దుకాణం ముందు ఎండలో ఏళ్ళ తరబడి వేలాడిన టైరు కొత్తగా కనబడుతుంది, రబ్బరు మాత్రం ముసలిదై ఉంటుంది. బిల్లు తప్పక తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ట్రాక్టరు టైర్ల మీద 5 శాతమే. ఆ తగ్గింపు మీ బిల్లులో కనబడాలి.

స్టెప్నీ గురించి ఒక్క మాట. గుండు టైరును స్టెప్నీగా వేలాడదీయడం మా దగ్గర ఆచారంలా మారింది. ఆలపల్లి అడవి దారిలో, ఫోను అందని చోట, రాత్రివేళ ఆ గుండు టైరు మీద ఎంత దూరం పోగలం? బండిలో రోగి ఉంటే? స్టెప్నీ కూడా అదే సైజు, అదే బరువు అంకె ఉన్నదై ఉండాలి. దాని గాలి కూడా నెలకోసారి చూడాలి.

చివరగా మేనల్లుడు అడిగిన ప్రశ్న: "118 అంకె టైర్లేస్తే ఇంకో పది బస్తాలు ఎక్కియ్యొచ్చా మామా?" వద్దు బిడ్డా అన్నాను. టైరుకు బలం పెరిగితే బండికి పెరగదు. ఇరుసు అదే, కమాన్ పట్టీలు అవే, బ్రేకులు అవే. దొరికితే 2019లో సవరించిన చట్టం ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000. అయినా నేను భయపెట్టింది జరిమానా చెప్పి కాదు. కోతలు అయ్యాక సాయంత్రం బస్తాల మీద కూలీ ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని వస్తారు. సరుకుల బండిలో మనుషులను ఎక్కించడం చట్టానికి విరుద్ధం, ఆ సంగతి అందరికీ తెలుసు, అయినా బస్సు లేని ఊళ్ళలో జరుగుతూనే ఉంది. టైరు పేలినప్పుడు బస్తాలు పడితే మళ్ళీ ఎత్తుకోవచ్చు. పైనున్న మనుషులను ఎత్తుకోగలమా?

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి కాంటాకు పోయి తూచుకొచ్చాడు. చవక జత వదిలేసి, అంకె చూసి, వారం చూసి వెనకకు కొత్త జత వేయించాడు. నాలుగూ ఒకేసారి కొనే స్తోమత లేనప్పుడు కొత్త జత వెనకకే వేయాలి, వాన రోడ్డు మీద బండి వెనక భాగం జారకుండా ఉంటుంది. కూలీల కోసం వేరే ఆటో మాట్లాడే విషయం రైతులతో చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు, నేను అడుగుతూనే ఉన్నాను.

మీ ఇంట్లో బండి ఉంటే రేపు పొద్దున్నే టైరు పక్కన కూర్చుని ఆ అంకెలు మీ పిల్లల చేత చదివించండి. లెక్కలు రావడానికి అంతకన్నా మంచి పలక లేదు. వచ్చే సంచికలో బ్రేకుల ముచ్చట చెప్పుకుందాం.