మట్టి కోతకు లెక్క ఎవరు చెప్పాలి?

విశాఖ ఓడరేవు ముఖద్వారంలో పేరుకునే ఇసుకకు లెక్క ఉంది. దాన్ని తోడడానికి డ్రెడ్జర్లున్నాయి, బడ్జెట్ ఉంది. తోడిన ఇసుకను కోతకు గురవుతున్న బీచ్ మీదికి పంపే ఏర్పాటూ ఉంది. కానీ వాన పడ్డప్పుడల్లా కొండవాలు బస్తీల్లోకి కొట్టుకొచ్చే మట్టికి ఏ లెక్కా లేదు. గుమ్మంలో చేరిన బురద ఎత్తిపోసేదీ, కాలువలో పూడిక తీసేదీ, ఎర్రబారిన నీళ్ళు తేరేదాకా కాచుకునేదీ ఆడవాళ్ళే. ఇంటిపనిలో కలిసిపోయింది కనుక అది శ్రమగా కూడా కనిపించదు.

ఈ మట్టి ఎలా కదులుతుంది? మన కొండలు ఎక్కువగా ఖొండలైటు రాతివి. ఆ రాయి శిథిలమై ఎర్రమట్టి అవుతుంది. చెట్టు, గడ్డి, రాలిన ఆకు ఉన్నచోట చినుకు మెల్లగా దిగుతుంది, నేల తాగుతుంది. పైకప్పు లేని నేల మీద చినుకు దెబ్బకే మట్టి విడిపోతుంది. ఆ సన్నటి రేణువులు నేల రంధ్రాలను మూసేస్తాయి. ఇంకని నీరు ముందు పలచగా పారుతుంది, తర్వాత చాళ్ళు తీస్తుంది, చాళ్ళు కలిసి గండ్లవుతాయి. వాలు ఎంత నిటారుగా ఉంటే నీటికి అంత బలం. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల్లో ఇలాంటి గండ్లను ఎవరైనా చూడవచ్చు. అవి ప్రకృతి ఎంతోకాలంగా చేస్తున్న పని. బస్తీల పైన కొండను నిలువునా తెగ్గోయడం మాత్రం మనుషుల నిర్ణయం.

అయినా కోత మాట రాగానే నింద ఇద్దరి మీదికే పోతుంది: నగరంలో కొండ మీద ఇల్లు వేసుకున్నవాళ్ళు, మన్యంలో పోడు చేసేవాళ్ళు. కూలికొచ్చినవాళ్ళకు చదును నేల మీద చోటు దొరక్కనే కొండెక్కారని ఎవరూ అనరు. పోడులో కొన్నేళ్ళు సాగు చేసి, చాలా ఏళ్ళు బీడు వదిలేవారు. అడవి మీద హక్కు పోయి, భూమి తగ్గాక ఆ బీడు కాలం కుదించుకుపోయింది. రోడ్లకూ, లేఅవుట్లకూ, క్వారీలకూ కొండను కోస్తే మాత్రం దాని పేరు అభివృద్ధి! 2021 తర్వాత రుషికొండ తవ్వకం హైకోర్టు దాకా వెళ్ళింది. కోర్టుకెక్కని కొండలు ఎన్నో.

కోతను ఆపే మార్గాలు కొత్తవేం కావు. వాలుకు అడ్డంగా కందకాలు, రాతికట్టలు, గడ్డి వరసలు. వాటర్‌షెడ్ పథకాల్లోనూ, 2005 ఉపాధి హామీ చట్టం కింద జరిగిన పనుల్లోనూ ఆడవాళ్ళు తట్టలు మోశారు. కందకం ఎక్కడ తవ్వాలి, ఆగిన నీరు ఎవరి పొలానికి చేరాలి అని తేల్చేచోట మాత్రం వాళ్ళ గొంతు వినపడలేదు. అటవీ హక్కుల పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలని 2006 చట్టం చెబుతోంది. పట్టాలో పేరుంటే సరిపోదు. ఆ నేల మీద జరిగే ప్రతి పనిలోనూ ఆమె మాటకు విలువుండాలి.

అందుకే మన సంఘాలు మూడు విషయాలు గట్టిగా అడగాలి. కొండను కోసే అనుమతికి ముందు దిగువన బతికే ఆడవాళ్ళ మాట వినాలి. బస్తీల్లో అడ్డుగోడలు, మురుగుకాలువలు కట్టాలి, పూడికతీతను కూలి ఇచ్చే ప్రజాపనిగా గుర్తించాలి. మన్యంలో నేల, నీటి పనుల ప్రణాళిక ఆడవాళ్ళు కూర్చున్న గ్రామసభలోనే తేలాలి.

వాన ఎక్కడ పడాలో మనం నిర్ణయించలేం. ఏ కొండను కొయ్యాలో, ఎవరి గుమ్మంలో బురద చేరాలో నిర్ణయిస్తున్నది మనుషులే. వాళ్ళనే లెక్క అడుగుదాం.