పరిగె యేరువారి చిత్రకారుడు

కోత ముగిసిన పొలములో రాలిన కంకుల నేరుకొను స్త్రీలను మన పాఠకులలో చూడనివా రుండరు. పరిగె యన నేమో గ్రామవాసులకు నిఘంటువు చెప్ప నక్కరలేదు. అట్టి మువ్వురు స్త్రీలను పటముపై నిలిపినందులకు ఫ్రెంచి చిత్రకారుడు ఝాన్ ఫ్రాన్స్వా మిల్లే 1857లో పొందిన నిందలను తలచినప్పుడు మాకు నేటికిని విస్మయము గలుగుచున్నది.

మిల్లే 1814లో నార్మండీ తీరమునందలి గ్రూషీ యను పల్లెలో కర్షక కుటుంబమున జన్మించెను. నాగలి పట్టిన చేతితోనే కుంచె పట్టెను. షెర్బూర్ పట్టణమువా రొసగిన వేతనముతో 1837లో పారిసు చేరెను. రెండేండ్లకు వేతన మాగెను. దారిద్ర్యము మాత్ర మాగలేదు. పొట్టకొఱకు రూపపటములును నగ్నచిత్రములును వ్రాసెను. 1849లో భార్యాబిడ్డలతో ఫోంతేన్‌బ్లో యడవి యంచునగల బార్బిజోను గ్రామమున స్థిరపడి, 1875లో నచ్చటనే కన్నుమూసెను.

ఆ చిత్రమున నేమున్నది? ముందు మువ్వురు స్త్రీలు. ఇరువురు నేలకు వంగియున్నారు. మూడవయామె సగము లేచియున్నది. ముఖములు స్పష్టముగ గానరావు. దూరమున పంట కుప్పలు, నిండిన బండి, గుఱ్ఱముపై కార్యస్థుడు. ఎవ్వరును పిడికిలి బిగింపలేదు. ఎవ్వరును బిచ్చ మడుగలేదు. పరిగె యేరుట యా దేశమున పేదలకు చిరకాలముగ నున్న హక్కు. అయినను ఒక విమర్శకుడు వీరి వెనుక 1793 నాటి వధ్యవేదికలను గాంచెను! 1848 విప్లవము జరిగి పదేండ్లయినను కాలేదు. ఆస్తిపరుల నిద్ర యింకను పలుచగనే యుండెను. పూర్వము దేవతలకును వీరులకును మాత్రమే దక్కిన గాంభీర్యమును కూలిస్త్రీ వంగిన వీపున కొసగుటయే మిల్లే చేసిన నేరము. తాను సామ్యవాది నను మాట నాతడు నిరాకరించెను. భయము పటములో లేదు, చూచువారి యంతరాత్మలో నుండెనని మా యభిప్రాయము.

ఆ పటమునకు ముట్టినది 3,000 ఫ్రాంకులు. సంధ్యాఘంట విని బంగాళాదుంపల చేనిలో దంపతులు తలవంచి ప్రార్థించు 'ఆంజెలస్' అను నాతని మఱియొక చిత్రము 1889 వేలములో 5,50,000 ఫ్రాంకులకు మించి పలికెను. మఱుసటి యేడు షోషార్ అను పారిసు వర్తకుడు దాని నింకను హెచ్చు వెలకు గొనెను. అప్పటికి చిత్రకారుడు గతించి పదునైదేండ్లు. ఆ లాభములో నాతని కుటుంబమునకు చిల్లిగవ్వ రాలేదు. అడుగుటకు చట్టమును లేదు. ఈ యుదాహరణమునే పలుమాఱు చూపుచు వాదించినవారి కృషి ఫలించి, ఫ్రాన్సు 1920లో శాసనముచేసి, చిత్రము వేలమున చేతులు మాఱినప్పుడు చిత్రకారునకును వారసులకును కొంత భాగ మేర్పఱచెను. పంటయంతయు బండ్ల కెక్కిన పిదప దక్కు పరిగె యిది. అదియైన నా యేటివఱకు లేదు.