మాయ పంపే కబురు

టెక్కలి దగ్గరి పల్లెనుంచి ఒక పెద్దావిడ ఉత్తరం వ్రాశారు. “మా కోడలికి ఏడో నెల. మూడో నెలలో చేసిన రక్తపరీక్షలో ఏదో తక్కువగా ఉందన్నారు. ఇప్పుడు స్కానింగులో బిడ్డ నెలలకు తగ్గట్టు ఎదగలేదంటున్నారు. హార్మోను సూదిమందు వేయిస్తే సరిపోదా? పిల్ల సరిగా తినకే ఇలా అయిందని ఇంట్లో అందరూ దాన్నే అంటున్నారు” అని.

ముందు ఆ అమ్మాయిని ఏమీ అనకండి, అమ్మా. తప్పు ఆమెది కాకపోవచ్చు.

కడుపులో బిడ్డను పోషించేది మాయ. తల్లి రక్తంలోని ఆహారాన్నీ, ప్రాణవాయువునీ బొడ్డుతాడు ద్వారా బిడ్డకు అందించేది అదే. గర్భం నిలవడానికి కావలసిన హార్మోనులు తయారుచేసేదీ అదే. మాయ మొదట్లో సరిగా పాతుకోకపోతే బిడ్డకు అందే రక్తం తగ్గుతుంది, ఎదుగుదల మందగిస్తుంది. మాయ తయారుచేసే పదార్థాలు కూడా తగ్గవచ్చు. అంటే ఆ తక్కువ అంకె జబ్బు కాదు; జబ్బును గురించిన కబురు. ఉత్తరంలో అక్షరాలు దిద్దితే ఇంటి సంగతులు మారతాయా? సూదిమందూ అంతే. దానితో బిడ్డ బరువు పెరగదు.

1960, 70లలో పెద్ద ఆస్పత్రులలో గర్భిణుల మూత్రం 24 గంటలపాటు పట్టి, ఈస్ట్రియాల్ అనే హార్మోను కొలిచేవారు. ఒకే మనిషికి ఒక్కోరోజు ఒక్కో అంకె వచ్చేది. స్కానింగు వచ్చాక ఆ పద్ధతి మూలబడింది. ఇప్పుడు మూడో నెలలో పాప్-ఎ అనే ప్రోటీను చూస్తున్నారు. అది తక్కువైతే కనిపెట్టి ఉండమని అర్థం, అంతే. అటువంటి తల్లులలో ఎక్కువమందికి బిడ్డలు బాగానే పుడతారు. కాని మీ కోడలికి స్కానింగు కూడా అదే మాట చెప్పింది కనుక అశ్రద్ధ పనికిరాదు. డాక్టరు చెప్పిన గడువు దాటకుండా బిడ్డ కొలతలు తీయించండి. బొడ్డుతాడులో రక్తం ఎలా పారుతున్నదో చూసే డాప్లర్ పరీక్ష కూడా చేయించండి.

ఇక మన జిల్లాల సంగతి. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు మాయను దెబ్బతీస్తాయి. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎంతమందిని పట్టి పీడిస్తున్నదో మీకు చెప్పనక్కరలేదు. మీ బంధువులు కవిటి, సోంపేట వైపు ఉంటే, నెల తప్పగానే రక్తపోటుతోపాటు క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించుకోమనండి. రెండోది పొగ. మన సముద్రతీరపు పల్లెల్లో ఆడవాళ్లు నిప్పు నోట్లోకి పెట్టి చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. పొగతాగే గర్భిణులలో మాయ హార్మోనులు తగ్గుతాయి, బిడ్డ బరువూ తగ్గుతుంది. ఇంట్లో ఇంకెవరు కాల్చినా ఆ పొగ గర్భిణికి మంచిది కాదు. మీ ఇంట్లో చుట్ట ఉంటే, కోడలిని అనేముందు దాన్ని బయటికి పంపండి.

“ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది” అని కొందరు పెద్దలు గర్భిణికి ముద్ద తగ్గిస్తారు. అది పొరపాటు. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప, పాలు, చోడి అంబలి, ఏది పడితే అది కడుపునిండా పెట్టండి. ఐరను మాత్రలు మానకూడదు. అయితే మాయలోనే లోపం ఉన్నప్పుడు తిండి ఒక్కటే దాన్ని సరిచేయలేదు. అప్పుడు ఏ రోజున కాన్పు చేయిస్తే బిడ్డకు క్షేమమో నిర్ణయించడమే అసలు వైద్యం. అందుకే పుట్టిన పసికందును చూసుకునే ఏర్పాట్లున్న పెద్ద ఆస్పత్రిలో కాన్పుకు ఇప్పుడే మాట్లాడుకోండి. 2016నుంచి ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వాస్పత్రులలో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు, అదికూడా వాడుకోండి.

చివరగా ఒక్కమాట. కడుపులో బిడ్డ కదలిక తగ్గిందని కోడలు చెబితే, “రేపు చూద్దాంలే” అనకండి. అది రాత్రైనా సరే, వెంటనే బయలుదేరండి. ఆ కబురు ముందుగా తెలిసేది ఆమెకే. ఆమె మాట వినే అత్తగారు పక్కన ఉండడం ఆ బిడ్డకు ఎంతో రక్ష.