జోష్‌కు హవా లొంగదు

శనివారం రాత్రి ఇషా నమాజ్ అయ్యాక మా తెల్లాపూర్ ఫ్లాట్ బాల్కనీలో కూర్చుంటే అవుటర్ రింగ్ రోడ్డు వైపు నుంచి ఒక ఆవాజ్ వస్తుంది. లారీలది కాదు, గొంతు చించుకుని అరిచే కార్లది. రెండు మూడు కలిసి వస్తాయి, నిమిషంలో మాయమైపోతాయి. కొల్లూరులో ఉండే మా ఆపాకు కూడా అదే ఆవాజ్ వినిపిస్తుంది. వెంటనే నాకు ఫోన్: "భాయ్, వాడు ఇంకా ఇంటికి రాలేదు."

వాడంటే నా భాంజా. ఇరవై నాలుగేళ్లు, గచ్చిబౌలిలో నౌకరీ. జీతంలో మిగిల్చుకుని సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు, డిక్కీ మీద పెద్ద స్పాయిలర్ అతికించాడు. గదిలో గోడ మీద లేత నీలం, నారింజ రంగుల పాత రేస్ కారు పోస్టర్ ఉంటుంది. పోర్షే 917. పోయిన నెల దావత్‌లో "కొల్లూరు నుంచి శంషాబాద్ ఎన్ని నిమిషాల్లో కొట్టానో చెప్పుకోండి మామూ" అన్నాడు. దస్తర్‌ఖాన్ చుట్టూ ఉన్నవాళ్లంతా "మాషా అల్లా, షేర్ హై" అని నవ్వారు. ఆపా ఒక్కతే నవ్వలేదు. ఈ నాలుగు మాటలు ఆ నవ్విన వాళ్ల కోసం. వాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ పోస్టర్ మీది కారు కహానీ ఏమిటో మా వాడికి తెలియదు. ఆ రోజు ఇంటికొచ్చాక నేను చదివాను.

1969లో పోర్షే 917 కొత్తగా వచ్చినప్పుడు కంపెనీ సొంత డ్రైవర్లే దాన్ని నడపడానికి జంకారు. ఇంజన్‌కు తాఖత్ ఉంది, కానీ వేగం పెరిగే కొద్దీ వెనక భాగం తేలిపోయి అటూ ఇటూ ఊగేది. ఆ ఏడాది లె మాన్స్ రేసులో జాన్ వుల్ఫ్ అనే బ్రిటిష్ డ్రైవర్ ఇదే కారుతో దిగి మొదటి రౌండ్‌లోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. కొన్ని నెలల తర్వాత ఆస్ట్రియాలో ట్రాక్ మీద పరీక్షలు చేస్తుంటే జాన్ హార్స్‌మన్ అనే ఇంజనీర్ ఒక చిన్న సంగతి గమనించాడు. కారు ఒంటినిండా చచ్చిన దోమల్లాంటి పురుగులు అంటుకున్నాయి, తోక మీద మాత్రం ఒక్కటీ లేదు. అంటే హవా ఆ తోకను తాకకుండానే పైనుంచి వెళ్లిపోతోంది. అక్కడికక్కడే అల్యూమినియం రేకులు కత్తిరించి తోకను పొట్టిగా, ఎత్తుగా మార్చారు. కారు కుదురుకుంది. 1970లో ఆ పొట్టి తోక కారే లె మాన్స్ గెలిచింది. అక్కడ పోర్షేకు అదే మొదటి ఫతే.

డ్రైవర్ల హిమ్మత్‌తో తీరని ఆ ముష్కిల్‌ను తీర్చింది పురుగుల జాడ చూసిన ఒక కన్ను.

అసలు బాత్ ఏమిటంటే, కారును పక్కనుంచి చూడండి. కింద బల్లపరుపు, పైన వంపు. విమానం రెక్క కూడా దాదాపు ఇంతే. పైనుంచి పోయే గాలి వేగంగా పోతుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, బండి పైకి లాగినట్టవుతుంది. వేగం రెట్టింపైతే ఈ లాగుడు నాలుగు రెట్లు. పాతకాలం డిజైనర్లకు గాలిని చీల్చుకుని పోవాలనే ధ్యాసే గానీ, ఆ గాలి బండిని నేల నుంచి విడదీస్తుందనే ఇల్మ్ ఆలస్యంగా వచ్చింది. చాలా జనాజాలు లేచాక వచ్చింది.

వాటిలో ఒకటి రింగ్ రోడ్డు లాంటి రోడ్డు మీదే లేచింది. 1938 జనవరి 28న జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్, డార్మ్‌స్టాట్ మధ్య హైవేను ఆపి రికార్డు పందెం పెట్టారు. పొద్దున మెర్సిడెస్ డ్రైవర్ కారచ్చోలా గంటకు 432 కిలోమీటర్లు దాటాడు. మధ్యాహ్నం కాకముందే దాన్ని కొట్టాలని బెర్న్‌డ్ రోజెమేయర్ బయల్దేరాడు. అప్పటికి గాలి లేచింది. కారు అదుపు తప్పి ముక్కలైంది. పక్కనుంచి కొట్టిన హవా వల్లే అని ఎక్కువమంది అంటారు. ఆయనకు 28 ఏళ్లు. ఇంట్లో నెలల పసివాడు. బీవీ ఎల్లీ బైన్‌హార్న్ పేరున్న పైలట్, హవాను చదవడమే ఆమె పని.

ఇప్పుడు మన రోడ్డుకు రండి. 158 కిలోమీటర్ల రింగ్ రోడ్డు, 2023లో పరిమితిని 120కి పెంచారు. 120 అంటే సెకనుకు 33 మీటర్లు. 140, 150లో మా వాడి కారు గాల్లోకి లేవదు, అబద్ధం చెప్పను. కానీ తేలికవుతుంది. టవర్ల మధ్య ఖాళీలోంచి గాలి కొట్టినా, ట్యాంకర్‌ను దాటినా స్టీరింగ్ గుంజుతుంది. దానికి అరిగిన టైరు, తడి రోడ్డు తోడైతే చాలు. ఇక ఆ స్పాయిలర్! పోర్షే వాళ్లు ట్రాక్ మీద కొలిచి తోక మార్చారు. దుకాణంలో అతికించిన రెక్క ఏం చేస్తుందో అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. దాన్ని చూసి వచ్చే భరోసా మాత్రం నఖ్లీ భరోసా.

2011 సెప్టెంబర్‌లో పుప్పాలగూడ దగ్గర ఇదే రింగ్ రోడ్డు మీద జరిగిన బైక్ హాద్సా మీకు గుర్తుండే ఉంటుంది. మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ గారి 19 ఏళ్ల కొడుకు, బంధువుల అబ్బాయి ఇద్దరూ పోయారు. ఆ ఇంటి గమ్ మీద మాట్లాడే హక్ నాకు లేదు. కానీ ఆ తర్వాత కూడా మన దావత్‌లలో "ఎన్ని నిమిషాల్లో వచ్చావ్" అనే సవాల్ ఆగలేదు.

"తఖ్దీర్‌లో ఉన్నది జరుగుతుంది" అంటారు కొందరు పెద్దలు. ఒంటెను కట్టేసి తర్వాత తవక్కుల్ పెట్టుకోమన్న నసీహత్ మనకెవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

పిల్లల మాటలో కూడా ఇన్సాఫ్ ఉంది: "మా షౌఖ్ ఎక్కడ తీర్చుకోవాలి?" 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగితే ఊరంతా ఖుష్ అయింది. మరుసటి ఏడాది రద్దయింది. మన దగ్గర పిల్లలు రేసు నేర్చుకునే పెద్ద ట్రాక్ లేదు. తమిళనాడు వైపు చూడండి. కోయంబత్తూరు కరివర్ధన్ 1980లలో మారుతి ఇంజన్‌తో చవక రేస్ కార్లు కట్టి కుర్రాళ్లను ట్రాక్ ఎక్కించాడు. వాటితో మొదలుపెట్టిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌కు చేరిన తొలి భారతీయుడయ్యాడు. రాజధానికి ఇన్ని టవర్లు కట్టిన సర్కార్ ఒక ట్రాక్ కట్టలేదా? అడుగుదాం. అంతవరకు చెన్నై దగ్గర ట్రాక్ ఉంది, ఒక రాత్రి బస్సు దూరం. హెల్మెట్ ఉంటుంది, అంబులెన్స్ ఉంటుంది, ఎదురుగా వేరే ఇంటి కారు ఉండదు.

ట్రాక్ వచ్చేలోపు జిమ్మేదారి మాత్రం మన ఇళ్లదే. పిల్లవాడు వేగం గురించి ఫఖర్‌గా చెప్తే నవ్వకండి. తాళం ఇచ్చేముందు టైర్లు చూడండి. ఇంటికొచ్చాక "కిత్నే మినిట్ మే ఆయా" అనకండి, "ఖైరియత్ సే ఆయా?" అనండి.

నేను భాంజాకు పురుగుల కిస్సా చెప్పాను. చాలాసేపు పోస్టర్ వైపే చూశాడు. స్పాయిలర్ ఇంకా తీయలేదు. కానీ పోయిన శనివారం పదిన్నరకు ఆపా ఫోన్ వచ్చింది. "వాడు ఇంట్లోనే ఉన్నాడు భాయ్, పడుకో" అంది.