చిన్న కంపెనీ అంటే ఎందుకీ భయం?

హాంబర్గ్ దగ్గర బార్గ్‌టెహైడే అనే చిన్న ఊరుంది. కుక్కను షికారుకు తీసుకెళ్లేటప్పుడు దానంతటదే సాగి, దానంతటదే చుట్టుకుపోయే పట్టీ చూసే ఉంటారు. 1973 నుంచి ఆ పట్టీలు తయారుచేసి ప్రపంచమంతా అమ్ముతున్న ఫ్లెక్సీ కంపెనీ ఆ ఊరిదే. జర్మనీలో ఇలాంటివి వందల్లో ఉన్నాయి. ఒకటే వస్తువు, కుటుంబ యాజమాన్యం, బయట ఎవరికీ తెలియని పేరు. అయినా ఆ వస్తువులో ప్రపంచంలోనే ముందువరస. నిర్వహణ నిపుణుడు హెర్మన్ సైమన్ 1990లో వీటిని ‘హిడెన్ ఛాంపియన్స్’ అన్నాడు.

వీటి గురించి రాసేవాళ్లు ఎక్కువగా యజమానుల పట్టుదలను మెచ్చుకుంటారు. నాకు మాత్రం వాటిలో పని నేర్చుకునే పిల్లల సంగతే ముఖ్యమనిపిస్తుంది.

జర్మనీలో బడి చదువయ్యాక చాలామంది ఏదో ఒక కంపెనీతో ఒప్పందం రాసుకుని రెండు నుంచి మూడున్నరేళ్లు పని నేర్చుకుంటారు. వారంలో ఒకటి రెండు రోజులు తరగతులు, మిగతా రోజులు వర్క్‌షాపు, నెలనెలా భత్యం. వీళ్లలో ఎక్కువమంది చేరేది 250 మంది కూడా లేని సంస్థల్లోనే. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక పనిపుస్తకం ఉంటుంది. ఏ మిషన్ మీద పనిచేశారో, ఏం నేర్చుకున్నారో అందులో రాయాలి. నేర్పినవాళ్లు చూసి సంతకం పెట్టాలి. అది లేకపోతే చివరి పరీక్షకు కూర్చోనివ్వరు. కుర్రాడితో టీలు తెప్పించుకుంటూ, నేల ఊడిపిస్తూ మూడేళ్లు గడిపేద్దామనుకుంటే ఆ పుస్తకమే పట్టిస్తుంది. పరీక్ష పెట్టేది యజమాని కాదు, ఆ వృత్తికి సంబంధించిన చాంబర్ (పరిశ్రమల, వృత్తిదారుల మండలి). యజమానుల తరఫున, కార్మికుల తరఫున, బడి తరఫున వచ్చినవాళ్లు కలిసి మార్కులేస్తారు. ఆ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది.

ఇక ఆరోగ్య బీమా, పింఛను అంటారా, ఒక్కరే పనిచేసే కొట్టులో చేరినా వర్తిస్తాయి. అక్కడా పెద్ద కంపెనీలే జీతం ఎక్కువిస్తాయి, చిన్నచోట్ల శిక్షణ సీట్లు ఏటా వేలల్లో మిగిలిపోతున్నాయి. అయినా చిన్నచోట చేరినంత మాత్రాన బతుకు భద్రత పోదు.

మన దగ్గర పీఎఫ్ మామూలుగా 20 మంది ఉంటేనే, ఈఎస్ఐ, గ్రాట్యుటీ 10 మంది ఉంటేనే. హైదరాబాద్ బాలానగర్‌లో ఆరుగురుండే లేత్ షాపులో కుర్రాడు నూరో వంతు మిల్లీమీటరు కూడా తేడా రాకుండా షాఫ్టు తీస్తాడు. ఆ పనితనానికి చేతిలో కాగితం ఉండటం అరుదు. ఇంకో షాపుకు మారాలంటే మేస్త్రీ నోటిమాటే దిక్కు. పెళ్లి సంబంధానికి వచ్చినవాళ్లు “కంపెనీ పేరేంటి బాబూ, పీఎఫ్ ఉందా?” అని అడిగితే వాళ్లను తప్పుపట్టలేం. మనవాళ్ల భయం చిన్న కంపెనీని చూసి కాదు, దాని గుమ్మం దగ్గరే ఆగిపోయే చట్టాన్ని చూసి.

చిన్న పరిశ్రమలకు స్థలం, కరెంటు రాయితీ ఇచ్చేటప్పుడే ప్రభుత్వం ఈ రెండూ అడగాలి: ఒక్కరున్నా పీఎఫ్, ఈఎస్ఐ; నేర్చుకునేవాడికి పనిపుస్తకం. పరీక్ష పెట్టే పని పరిశ్రమల సంఘాలూ ఐటీఐలూ కలిసి మొదలుపెట్టొచ్చు. ఇప్పుడే చిన్నచోట చేరుతున్న పిల్లలకు ఒక మాట. అదంతా జరిగేదాకా ఆగకండి. చేసిన పని తారీఖు వేసి రోజూ రాసుకోండి, నెలకోసారి మీ మేస్త్రీ చేత సంతకం పెట్టించుకోండి.