దిగులు చాలదు, ఉత్తరం రాయండి

అద్దంకిలోనైనా అమెరికాలోనైనా, నచ్చిన టీవీ ధారావాహిక ఆగిపోతుందంటే దిగులు కలుగుతుంది. కాని దిగులుపడి ఊరుకుంటే లాభమేమిటి?

అమెరికాలో ఎన్.బి.సి. సంస్థ 1966లో ‘స్టార్ ట్రెక్’ అనే అంతరిక్ష కథల ధారావాహికను ప్రారంభించింది. రెండో ఏటనే దాన్ని ఆపేస్తారన్న మాట పుట్టింది. అభిమానులు వేలాదిగా ఉత్తరాలు రాశారు. 1968 జనవరిలో కాల్‌టెక్ విద్యార్థులు ఊరేగింపు తీశారు. మార్చిలో సంస్థ దిగివచ్చింది. మరో 24 కథలు వచ్చాయి. 1969లో ధారావాహిక ముగిసినా అభిమానుల కలం ఆగలేదు. 1976లో నాసా తొలి స్పేస్ షటిల్‌కు ఆ కథల్లోని నౌక పేరు ‘ఎంటర్‌ప్రైజ్’ పెట్టించారు.

మీరూ రాయండి. ‘ఆపకండి’ అంటే చాలదు. అది చూశాక ఏ సందేహం కలిగిందో, దానికోసం ఏ పుస్తకం తిరగేశారో చెప్పండి. మీరు నేర్చుకుంటున్నారని తెలిస్తే ఆపేవారు మళ్ళీ ఆలోచిస్తారు.