లొంగడం వేరు, నమ్మడం వేరు

"మొదటి రోజే నువ్వెవరో దానికి తెలియాలి. లేకపోతే నెత్తికెక్కి కూర్చుంటుంది." కొత్తగా గుర్రాన్ని కొన్నవాడికి తబేలాలో ముందుగా దొరికే సలహా ఇదే. చర్నాకోల పట్టిన పాతకాలపు సైసూ ఇదే అంటాడు, వీడియోల్లో 'నాయకత్వం' బోధించే కొత్తకాలపు శిక్షకుడూ ఇదే అంటాడు. మాట మెత్తబడింది గానీ సారం మారలేదు. గుర్రం మనల్ని పైవాడిగా ఒప్పుకోవాలట, ఆ ఒప్పుకోలే నమ్మకమట. ఈ వాదన మొదలంటా తప్పు.

గుర్రాల మందలో పెత్తనం లేదని కాదు. మేత దగ్గర, నీళ్ళ దగ్గర ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్క వాటికి ఉంది. అయితే అది గుర్రాల మధ్య లెక్క. మనిషిని కూడా అందులో జమకడతాయనడానికి ఆధారం లేదని ఇంటర్నేషనల్ సొసైటీ ఫర్ ఈక్విటేషన్ సైన్స్ ఎప్పుడో తేల్చి చెప్పింది. చెవులు వెనక్కి పెట్టిందని ఒక్కటి అంటించి 'నా స్థానం చూపించాను' అని మురిసేవాడి గురించి గుర్రానికి తెలిసేది ఒక్కటే: ఈ మనిషి ఎప్పుడు ఏం చేస్తాడో చెప్పలేం. పులికీ తోడేలుకీ దొరక్కుండా బతకడమే బతుకుగా పెరిగిన జాతికి ఇంతకు మించిన భయం లేదు.

గుండ్రటి దడిలో గుర్రాన్ని తరిమే పద్ధతిని అమెరికా శిక్షకుడు మాంటీ రాబర్ట్స్ 'జాయిన్-అప్' పేరుతో ప్రచారం చేశాడు. కొట్టకుండానే గుర్రాన్ని దారికి తేవచ్చని ఎందరికో చెప్పిన మేలు ఆయనదే. కానీ ఆ దడిలో జరిగేదేమిటి? పారిపోయే దారి లేని చోట గుర్రాన్ని పరుగెత్తిస్తారు. అది మనిషి వైపు తిరిగితేనే తరమడం ఆపుతారు. ఇంకెక్కడా ఊపిరి తీసుకోనివ్వకపోతే ఏ జీవమైనా మన పక్కకే వస్తుంది. చివర్లో అది పెదాలు నాకి దవడ ఆడిస్తే 'చూశారా, లొంగింది' అంటారు. బెదురు తగ్గి, ఎండిన నోరు మళ్ళీ తడవుతున్నప్పుడూ గుర్రం చేసే పని అదే.

మలక్‌పేట రేసుల నుంచి రిటైరై ఏ ఫామ్‌హౌస్‌కో చేరిన థారోబ్రెడ్‌ను చూడండి. పందెపు గుర్రానికి కళ్ళెం బిగువు అంటే దాని మీద ఆనుకుని ఇంకా వేగంగా పరుగెత్తమని. కొత్త యజమాని భయపడి కళ్ళెం గుంజుతాడు, అది వేగం పెంచుతుంది, 'మాట వినదు' అన్న ముద్ర పడుతుంది. అది విన్నది, తనకు నేర్పిన మాటే విన్నది. పైగా గుర్రం కడుపులో మేత ఉన్నా లేకున్నా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. గడ్డి తక్కువ, దాణా ఎక్కువ తిని పెరిగిన పందెపు గుర్రాల్లో కడుపు పుండ్లు మామూలు. నడుము పట్టీ బిగిస్తుంటే కరవడానికి వచ్చే గుర్రానిది పొగరో, నొప్పో ఎవరు చూశారు? బ్రిటన్ పశువైద్యురాలు స్యూ డైసన్ బృందం 2018లో 24 లక్షణాల జాబితా ఇచ్చింది. స్వారీలో వాటిలో ఎనిమిదో, అంతకు మించో కనిపిస్తే ఒంట్లో ఎక్కడో నొప్పి ఉండే అవకాశం ఎక్కువని చెప్పింది. తోక విదిలించడం, నోరు తెరవడం, చెవులు వెనక్కి పెట్టడం అందులో ఉన్నవే. మనవాళ్ళు వీటినే మొండితనం అంటారు.

'అయితే అర టన్ను జంతువును దాని ఇష్టానికి వదిలేయమంటారా?' అని అడుగుతారు. అక్కర్లేదు. మీదికి తోసుకొచ్చే గుర్రం ప్రమాదమే, దానికి హద్దు నేర్పాల్సిందే. ఆ హద్దు స్పష్టత వల్ల వస్తుంది, కోపం వల్ల రాదు. తాడు మీద కొద్దిగా ఒత్తిడి పెట్టాలి, కాలు కదిలిన ఆ క్షణంలోనే వదలాలి. ఈ రోజూ రేపూ, యజమానీ సైసూ, అందరూ అదే సైగ చేయాలి. కోపంతో గుర్రం దగ్గరికి పోవద్దని గ్రీకు సేనాని జెనోఫన్ దాదాపు 2,400 ఏళ్ళ కిందటే రాశాడు. యుద్ధాలు చేసినవాడి మాట అది, గారాబం చేసేవాడిది కాదు.

బెల్లం ముక్కతో పని కానిచ్చేద్దామనుకునేవారికీ ఒక మాట. బెల్లం గుర్రాన్ని జేబుకు మచ్చిక చేస్తుంది, మనిషికి కాదు. అంతకంటే భుజం వైపు నుంచి వెళ్ళండి. నుదుటికి ఎదురుగా చెయ్యి చాపితే ఆ చెయ్యి దానికి కనిపించదు. మెడ మీద చరచడం మానేసి, జూలు ముగిసే చోట మూపు మీద గోకండి. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునే చోటు అది. అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని 1993లో ఫ్రాన్స్‌లో జరిగిన అధ్యయనం చూపింది. కాసేపాగి చెయ్యి తీసి ఒక అడుగు వెనక్కి వేయండి. పై పెదవి సాగదీసి మీ వైపు ఒరిగితే మళ్ళీ గోకండి. పక్కకు జరిగితే జరగనివ్వండి. వద్దన్నప్పుడు వదిలేస్తారని తెలిసిన చోటే గుర్రం నిలబడటం నేర్చుకుంటుంది.

పెత్తనం సిద్ధాంతం ఇన్నాళ్ళు నిలవడానికి కారణం అది త్వరగా అమ్ముడుపోవడమే. సాయంత్రానికల్లా తల వంచిన గుర్రాన్ని చూపించి డబ్బు అడగవచ్చు. ఒక్కరోజులో మచ్చిక చేసి ఇస్తానని ఎవరైనా వస్తే మర్యాదగా పంపేయండి. ఆ డబ్బుతో పళ్ళూ వెన్నూ చూసే పశువైద్యుణ్ణి పిలవండి, మిగిలితే గడ్డి కొనండి.